కొంగుముడీ పిన్ను నంబరూ



పది రూపాయల బిళ్ళ సంగతితో మొదలుపెడతాను. అనంతపురం జిల్లాలోని మా ఉరవకొండ అంగళ్ళలో ఆ బిళ్ళ ఏళ్ళ తరబడి దిక్కులేకుండా తిరిగింది. ప్రభుత్వం ముద్రించినదే, బ్యాంకు ఇచ్చినదే. అయినా చేతిలో పెడితే అంగడాయన వెనక్కి జరిపేవాడు. "బిళ్ళ వద్దమ్మా, నోటుంటే ఇయ్యి" అనేవాడు. ఆయన తీసుకున్నా ఆయనకు సరుకేసే వ్యాపారి తీసుకోడు, కాబట్టి ఆయన్నీ తప్పుపట్టలేం. కొన్ని బిళ్ళల మీద రూపాయి గుర్తు ఉంది, కొన్నింటి మీద లేదు. ఏది అసలుదో ఏది నకిలీదో అని ఎవరికో అనుమానం పుట్టింది, అది ఊళ్ళకు ఊళ్ళే పాకింది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 నమూనాల బిళ్ళలూ చెల్లుతాయని ప్రకటించింది. ఆ ప్రకటన పేపర్లలో వచ్చింది, బ్యాంకు గోడల మీదికెక్కింది. బజారు మాత్రం దాన్ని చెవినేసుకోలేదు.

బిళ్ళ చెల్లకపోతే పది నోటు మీద భారం పడింది. నూనె మరకలంటి, నడుమ చినిగి, గమ్ము టేపు అతికించుకుని ఆ నోటు చేతులు మారింది. రూపాయి, రెండు రూపాయల చిల్లర బదులు చాక్లెట్టు పెట్టేవాళ్ళు. బస్సులో కండక్టరు టికెట్టు వెనక ఇవ్వాల్సిన చిల్లర రాసిచ్చేవాడు. దిగే తొందరలో అడగడం మరిచిపోతే ఆ దుడ్లు పోయినట్టే. కూలి మనిషికి అయిదు రూపాయలు చిన్న మొత్తం కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫోనుతో దుడ్లు చెల్లించే పద్ధతి మా ఊరికి ఏదో పెద్ద ఆర్థిక సంస్కరణగా వచ్చిందని నేననుకోను. అది చిల్లర తిప్పలు తీర్చే మందుగా వచ్చింది. అందుకే అంత త్వరగా ఇంకింది. పొద్దున ఉగ్గాని బజ్జి బండి దగ్గర చూడండి. ఒకరు ముప్పై రూపాయలకు తింటారు, ఇంకొకరు నలభై అయిదుకు తింటారు. ఎవరూ చిల్లర అడగరు. బండికి కట్టిన అట్టముక్క మీద నల్ల గళ్ళ బొమ్మ, పక్కన పలికే డబ్బా. దుడ్లు పడ్డాయని ఆ డబ్బా తెలుగులో చెబుతుంది. నూనె చేతులతో బజ్జీలు తీసే మనిషి తలెత్తకుండానే లెక్క సరిచూసుకుంటాడు. కనకాంబరాలు మూరేసి అమ్మే ఆమె గంపకూ ఆ బొమ్మ ఉంది. "ఫోన్‌పే కొట్టన్నా" అనే మాట ఇప్పుడు మా బజారులో "బాగుండావా" అన్నంత మామూలు మాట.

ఈ ఏర్పాటు పేరు యూపీఐ. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీన్ని 2016 ఏప్రిల్ 11న ప్రారంభించింది. ఏ బ్యాంకు ఖాతా నుంచైనా ఏ బ్యాంకు ఖాతాకైనా, ఆదివారమైనా అర్ధరాత్రయినా, నిమిషం లోపల సొమ్ము చేరుస్తుంది. 2020 జనవరి నుంచి దీని మీద వ్యాపారి దగ్గర రుసుము పట్టకూడదని కేంద్రం నిర్ణయించింది. చిన్న అంగడి వాళ్ళు దీన్ని నమ్మడానికి ఆ నిర్ణయమే పెద్ద కారణం. 2024-25 సంవత్సరంలో దేశమంతా కలిపి 18,500 కోట్లకు పైగా చెల్లింపులు దీని ద్వారా జరిగాయి. ఆ లెక్కలో మన ఉగ్గాని బండీ ఉంది, పూలగంపా ఉంది.

అందరికంటే ఎక్కువ మేలు ఎవరికి జరిగిందని నన్నడిగితే, వలస పోయిన బిడ్డలున్న ఇళ్ళకు అంటాను. మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. ఆ వానైనా అదనుకు పడదు. విత్తనం మట్టిలో మాడిపోయిన ఏడు బెంగళూరు కట్టడాల పనికి పోవడం మనకు కొత్త కాదు. వెనకటికి అక్కడి నుంచి ఇంటికి దుడ్లు పంపాలంటే పోస్టాఫీసు మనీఆర్డరే దిక్కు. 20 రూపాయలకు ఒక రూపాయి చొప్పున కమీషను. వెయ్యి పంపితే యాభై పోయేది. అది చేరడానికి రోజులు పట్టేది. లేదంటే ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపాలి. వాళ్ళు దారిలో జేబు పోగొట్టుకున్నా, అవసరానికి వాడుకున్నా అడగడానికి మొహమాటం. ఇప్పుడు శనివారం సాయంత్రం కూలి చేతికొస్తే ఆ రాత్రికే ఉరవకొండలో ఇంటి ఖర్చుకు అందుతుంది, పైసా కమీషను లేకుండా. ఆసుపత్రిలో అమ్మకు సూది మందు కావాలంటే మందుల అంగడి అట్టముక్కను ఫొటో తీసి పంపితే చాలు, బెంగళూరులో ఉన్న కొడుకు అక్కడి నుంచే చెల్లిస్తాడు. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు మనీఆర్డరు కోసం వాకిట్లో ఎదురుచూసిన తల్లుల్ని చూసి ఉండరు.

మరి బాధ ఎక్కడుంది? చెల్లింపు రూపం మారిన ప్రతిసారీ ఆ మార్పు ఎవరి వీలు కోసం జరుగుతోందని అడగాలి. మన సీమ ఈ ప్రశ్నను రెండు వందల ఏళ్ళ కిందటే ఎదుర్కొంది. 1800లో నిజాము నవాబు ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాక, థామస్ మన్రో దత్త మండలాల కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. రైతుల మేలు కోరినవాడని మనవాళ్ళు ఆయన్ను తలుచుకుంటారు, బిడ్డలకు ఆయన పేరు కూడా పెట్టుకున్నారు. ఆయన నిలబెట్టిన రైతువారీ పద్ధతిలో రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టాలి, అదీ రొక్కంగా కట్టాలి. రైతు పండించేది గింజ, కిస్తీకి కావలసింది రూపాయి. కల్లంలో గింజ రాలగానే ధర ఉన్నా లేకున్నా అమ్ముకోవాలి, లేదా వడ్డీకి తేవాలి. రొక్కం లెక్క పెట్టుకోవడం సర్కారుకు సులువు, రొక్కం సంపాదించడం మెట్ట రైతుకు కష్టం. పుచ్చుకునేవాడి వీలును బట్టి కట్టేవాడు మారవలసి వచ్చింది.

మన కాలంలోనూ అదే జరిగింది. పెద్ద నోట్లు రద్దయిన 2016 నవంబరు 8 రాత్రిని మళ్ళీ వివరంగా చెప్పనక్కరలేదు, మీలో చాలామంది ఆ తర్వాత బ్యాంకుల ముందు వరుసల్లో నిలబడ్డవారే. చెలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. మన జిల్లాకు అది ఏ అదనులో వచ్చిందో మాత్రం గుర్తు చేస్తాను. ఆ ఏడు ఆగస్టులో వాన మొహం చాటేస్తే వేరుశనగను కాపాడటానికి సర్కారు రెయిన్ గన్లు తెప్పించింది. మిగిలిన పంటను పీకి, కాయ కొట్టే రోజులవి. ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగడిలో పప్పుశనగ వేసే అదను కూడా అదే. కూలికీ విత్తనానికీ రొక్కం కావలసిన వేళ రొక్కం కరువైపోయింది. ఏటీఎంలో రోజుకు 2,000, అదీ ఉంటే. వచ్చేది కొత్త రెండు వేల నోటు. దాన్ని మార్చడానికి ఊరంతా తిరిగినా చిల్లర పుట్టేది కాదు. అరువు ఇచ్చే అంగడాయన లేకపోతే ఆ నెల చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు. ఆ నవంబరు నెలాఖరులోనే డిజిటల్ చెల్లింపుల కోసం కేంద్రం ముఖ్యమంత్రుల కమిటీ ఒకటి వేసింది, దానికి మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నాయకత్వం వహించారు. డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది.

అయితే ఆ దెబ్బతోనే జనం ఫోను చెల్లింపులకు మారిపోయారనడం సరికాదు. దేశంలో చెలామణిలో ఉన్న నగదు అప్పుడు సుమారు 18 లక్షల కోట్లు. 2025 మార్చి నాటికి అది 36 లక్షల కోట్లు దాటింది. ఫోను చెల్లింపులు పెరిగాయి, నగదూ రెట్టింపైంది. జనం రెండింటినీ వాడుతున్నారు. దేని పని దానికుందని బజారుకు తెలుసు.

ప్రభుత్వం తలచుకుంటే యంత్రాన్నీ నగదునూ కలిపి మంచి ఏర్పాటు చేయగలదని కూడా మన జిల్లా చూసింది. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మొదట్లో కూలి దుడ్లు తపాలా ఖాతాల ద్వారా వచ్చేవి. ఆలస్యం, నడుమ చేతివాటం, రెండూ ఉండేవి. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్ కార్డులు తెచ్చారు. బ్యాంకు నుంచి గ్రామం దాకా లెక్కంతా యంత్రం మీద నడిచేది. గ్రామంలో మాత్రం ఆ ఊళ్ళోనే ఉండే మనిషి, చాలా చోట్ల పొదుపు సంఘంలో చదువుకున్న అమ్మాయి, చిన్న యంత్రం మీద వేలిముద్ర వేయించుకుని నోట్లు ఎంచి చేతిలో పెట్టేది. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అనంతపురంతో సహా ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో దీని ఫలితాన్ని కొలిచారు. 2016లో వాళ్ళ అధ్యయనం అచ్చయింది. కూలి త్వరగా అందింది, నడుమ పోయేది తగ్గింది, కూలీల్లో అత్యధికులు పాత పద్ధతి కన్నా ఇదే మేలన్నారు. ఆ ఏర్పాటులో నాకు నచ్చింది ఇదే. దొంగతనానికి వీలున్న దారంతా యంత్రం కాపలా కాసింది. చివరి అడుగులో మాత్రం మనిషి చేతిలోకి నోటు వచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ 2024 వేసవిలో చూశాం. అప్పటికి నాలుగేళ్ళుగా గ్రామ వాలంటీర్లు పింఛనును ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఎన్నికల నియమావళి వల్ల వాలంటీర్లు పంచకూడదన్నారు. ఏప్రిల్‌లో గ్రామ సచివాలయాలకు రమ్మన్నారు. మే నెలలో ఎక్కువమందికి బ్యాంకు ఖాతాలో వేశారు. కాగితం మీద చూస్తే ఖాతాలో వేయడం కన్నా శుభ్రమైన పద్ధతి లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం బ్యాంకు ముందు కట్టె ఊతతో నిలబడ్డ అవ్వా తాతలకు మాత్రం అది నరకం. కొందరికి ఏ ఖాతాలో పడిందో తెలియదు. కొందరి ఖాతా ఏళ్ళుగా వాడక మూతపడింది. బ్యాంకుల విలీనాలు దీనికి తోడు. మా వైపు అందరూ వాడే గ్రామీణ బ్యాంకునే తీసుకోండి. శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకైంది, ఆ వేసవి తర్వాత 2025 మేలో మళ్ళీ మారి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకైంది. పాసుబుక్కు మీద పేరు ఒకటి, బోర్డు మీద పేరు ఒకటి అయితే చదువురాని అవ్వ ఎవరిని అడగాలి?

2024 జూలై నుంచి మళ్ళీ పింఛను ఇంటికి వస్తోంది, 4,000 రూపాయలు, నోట్లుగా. ఇది వెనకబాటుతనమని, నేరుగా ఖాతాలో వేస్తే ఖర్చు తగ్గుతుందని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. నెలకొకసారి అవ్వ చేతిలోకి నాలుగు వేలు నోట్లుగా రావడం ఆ ఇంట్లో ఆమె మాటకు బలం. కోడలికి అయిదు వందలిస్తుంది, మనవడికి యాభై ఇస్తుంది, వక్కాకుకు కొంత దాచుకుంటుంది. ఎవరికెంత ఇవ్వాలో ఆమె ఎంచి ఇస్తుంది. అదే దుడ్డు కొడుకు ఫోనులో మోగే గంటగా వస్తే ఆమె ఎంచడానికి ఏముంది?

ఇక్కడికి వచ్చాక అసలు మాట చెప్పాలి. మన ఆడవాళ్ళకు కొంగుముడి ఒకటుండేది. ఇప్పటికీ పెద్దవాళ్ళకు ఉంది. కలుపు తీసి, కాయ కొట్టి వచ్చిన కూలిని సాయంత్రం రైతు చేతిలో పెడితే ఆమె చీర కొంగున ముడివేసేది. అందులో ఎంతుందో మొగునికి తెలియదు. తెలియకపోవడమే దాని బలం. ఉప్పు, చింతపండు, బిడ్డకు పలకా బలపం, పండక్కి గాజులు, సంఘానికి కట్టే పొదుపు, అన్నీ ఆ ముడిలోంచే. తాగే మనిషి ఇంట్లో ఉంటే ఆ ముడే బిడ్డల అన్నం. మొగుడు లాక్కున్న రోజులున్నాయి, అది అబద్ధం కాదు. కానీ లాక్కుంటే అది వీధికి తెలిసేది. ఆమె కేకలేసేది, పక్కింటామె వచ్చేది.

ఇప్పుడు కూలి దుడ్లు ఎట్లా వస్తున్నాయి? చాలా చోట్ల రైతు గుంపు మేస్త్రికి ఫోనులో మొత్తం కొడతాడు. మేస్త్రి ఒక్కొక్కరికీ కొడతాడు. గుంపులో ఉన్న ఆడమనిషికి ఫోను లేదు. "మీ ఇంటాయన నంబరు చెప్పమ్మా" అంటాడు. పదిమంది మధ్య ఆమె చెబుతుంది. ఎండలో వంగిన నడుము ఆమెది, మోగిన ఫోను ఆయనది. ఇంటికి పోయాక కందిపప్పుకు దుడ్లు అడిగితే "పొద్దున ఇస్తాలే" అనే మాట వింటుంది. ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు. మేస్త్రి నిజాయితీగా పంపాడు, బ్యాంకు తప్పు చేయలేదు, ఫోను చక్కగా పనిచేసింది. ఆమె కూలి మాత్రం ఆమెకు అందలేదు. వీధిలో కేకలేయడానికి కూడా ఏమీ జరగలేదు.

ఇది నా ఊహ అనుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగింది. తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉందన్నవారు 100 మందిలో సుమారు 82 మంది. తామే వాడుకునే ఫోను ఉందన్నవారు 49 మంది. ఖాతాకూ ఫోనుకూ మధ్య ఉన్న ఆ 33 మంది మన అక్కాచెల్లెళ్ళు. అప్పటి నుంచి ఫోన్లు పెరిగి ఉంటాయి. కానీ యాభై దాటిన అవ్వలు ఆ లెక్కలోనే లేరు. ఉపాధి కూలి కూడా 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోనే పడాలన్నారు. ఖాతా ఆమె పేరుదే, కానీ ఖాతాకు అతికించిన ఫోను నంబరు కొడుకుదో మనవడిదో. పడిన దుడ్ల కబురు ముందు వాళ్ళకే తెలుస్తుంది.

పొదుపు సంఘాల్లో వచ్చిన మార్పును కూడా గమనించండి. ముప్పై ఏళ్ళుగా మన ఆడవాళ్ళు గుండ్రంగా చాప మీద కూర్చుని, ఎవరి దుడ్లు వాళ్ళు నడుమ పెట్టి, అందరి కళ్ళ ముందూ ఎంచి పుస్తకంలో రాయించుకున్నారు. చదువు రానామెకు కూడా ఎంత పోగైందో కళ్ళకు కనబడేది. ఇప్పుడు కొందరు లీడరు ఫోనుకు కొట్టేసి మీటింగుకు రావడం మానేశారు. దుడ్లు భద్రంగా ఉండవచ్చు. కానీ చూసే కళ్ళు తగ్గాయి. సంఘం బలం ఆ కళ్ళలోనే ఉండేది.

ఇదే ఫోను ఆమెదే అయితే కథ పూర్తిగా తిరగబడుతుంది, అదీ చెప్పాలి. మా ఉరవకొండ పట్టు మగ్గాల ఊరు. నేసే ఇళ్ళలో చదువుకున్న కోడళ్ళు చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి నేరుగా అమ్ముకుంటున్నారు. దుడ్లు వాళ్ళ ఖాతాలోనే పడతాయి. పిన్ను వాళ్ళకే తెలుసు. కొంగుముడిని విప్పవచ్చు, బియ్యం డబ్బా వెతకవచ్చు, ఈ ఖాతాను ఎవరూ తడమలేరు. నేత కూలి ఫోనులో పడితే ఏ రోజు ఎంత ఇచ్చారో, అడ్వాన్సు కింద ఎంత పట్టుకున్నారో తారీఖుతో సహా రుజువు ఉంటుంది. ఇంతకాలం ఆ లెక్క షావుకారు పుస్తకంలోనే ఉండేది, నేసేవాడు అందులో వేలిముద్ర వేసేవాడు. కాబట్టి నా తగాదా ఫోనుతో కాదు. పిన్ను ఎవరి తలలో ఉంది అన్నదే నేను అడిగేది.

ఇక మోసాల సంగతి. "అవ్వా, నీకు పింఛను బకాయి వచ్చింది, ఫోనులో పిన్ను కొట్టు" అని ఎవరో ఫోను చేస్తారు. కొడితే వచ్చేది లేదు, ఉన్నది పోతుంది. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి: దుడ్లు పంపడానికి పిన్ను కావాలి, దుడ్లు రావడానికి పిన్ను అక్కరలేదు. సొమ్ము అడుగుతున్నట్టు ఎదుటివాడు కబురు పంపి, మనతో పిన్ను కొట్టించే దారి ఒకటుండేది. 2025 అక్టోబరు నుంచి మనిషికీ మనిషికీ మధ్య దాన్ని మూసేశారు. అయినా మోసగాళ్ళు కొత్త దారులు వెతుకుతారు. పొరపాటు జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సొమ్ము ఇంకో ఖాతాకు జారక ముందే చెబితే నిలిపే వీలుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ వీలు పోతుంది. మోసపోయిన అవ్వను ఇంట్లోవాళ్ళు తిట్టకూడదు. తిడితే ఇంకోసారి చెప్పదు.

అంగళ్ళ వాళ్ళకు ఇంకో భయం ఉంది. 2025 జూలైలో పక్కనున్న కర్ణాటకలో ఫోను చెల్లింపుల లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చారు. బెంగళూరులో చాలా అంగళ్ళు గళ్ళ బొమ్మ పీకేసి 'నగదు మాత్రమే' అని బోర్డు పెట్టాయి. బళ్ళారి రోడ్డు మీదున్న ఊరు మాది, ఆ కబురు ఇక్కడికి రాకుండా ఉంటుందా? నిజానికి సరుకులమ్మే వ్యాపారికి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటితేనే రిజిస్ట్రేషను, సేవలకు 20 లక్షలు. పాలు, కూరగాయల వంటి వాటికి పన్నే లేదు. ఇది తెలియక భయపడేవాళ్ళే ఎక్కువ. 2024 జూన్‌లో రాష్ట్ర ఆర్థిక, వాణిజ్య పన్నుల శాఖల బాధ్యత తీసుకున్న పయ్యావుల కేశవ్ గారు మన ఉరవకొండ నుంచి ఎన్నికైనవారే. నోటీసు కన్నా ముందు అధికారులు బజారుకు వచ్చి అంగడి అంగడికీ ఈ లెక్క వివరించేలా చూడమని ఆయన్ను కోరుతున్నాను.

నగదును పూర్తిగా వదిలేయాలనేవాళ్ళకు ఒక్క మాట. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ కొన్ని గంటలు ఆగిపోయింది. అదే నెల 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో కరెంటు పోతే కార్డులు పనిచేయక జనం నోట్ల కోసం వెతుక్కున్నారు. నోట్ల వాడకం బాగా తగ్గించేసిన దేశాల్లో స్వీడన్ ఒకటి. ఆ ప్రభుత్వమే 2024లో ఇంటింటికీ పుస్తకం పంపి, కనీసం వారానికి సరిపడా నగదు ఇంట్లో ఉంచుకోమని చెప్పింది. గాలివాన వస్తే టవరు పడుకునే మన పల్లెలకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

చేయవలసినవి పెద్ద పనులేం కావు. బటన్ ఫోనుతోనే చెల్లించే యూపీఐ 123పే 2022 మార్చి నుంచి ఉంది. దాన్ని అవ్వలకు నేర్పేవాళ్ళు లేరు. తపాలా బ్యాంకు 2018లో వచ్చింది. పోస్టుమ్యానే ఇంటికి వచ్చి వేలిముద్ర తీసుకుని ఖాతాలోని దుడ్లు నోట్లుగా ఇస్తాడు. ఇది తెలియక బస్సెక్కి బ్యాంకుకు పోయేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేల పనితో అరిగిన వేళ్ళు యంత్రానికి చిక్కకపోతే కంటిపాపతోనో ముఖంతోనో సరిచూసే వీలుంది. "మళ్ళీ రేపు రా" అని పంపకూడదు.

అంగళ్ళ అన్నలారా, నోటు తెచ్చిన అవ్వను "ఫోన్‌పే లేదా" అని వెనక్కి పంపకండి. చట్టం ప్రకారం ఆ నోటు దేశమంతా చెల్లుతుంది, పది రూపాయల బిళ్ళ కూడా చెల్లుతుంది, తీసుకోండి. మేస్త్రులారా, ఫోను లేని ఆడకూలికి ఆమె కూలి ఆమె చేతికే ఇవ్వండి, నోట్లుగా ఇవ్వండి. సంఘం లీడరమ్మలారా, ఫోనులో వచ్చిన పొదుపును మీటింగులో పైకి చదివి పుస్తకంలో రాయండి. ఇక చదువుకున్న కొడుకులకూ మనవళ్ళకూ నా విన్నపం. ఈ ఆదివారం మీ అమ్మ పాసుబుక్కు బయటికి తీయండి. ఖాతాకు ఎవరి ఫోను నంబరు ఉందో చూడండి. మీదైతే, సోమవారం ఆమెను బ్యాంకుకు పిలుచుకుపోయి ఆమె నంబరు ఎక్కించండి. ఆమెకు ఫోను లేకపోతే ఒకటి కొనివ్వండి. పిన్ను ఆమెతోనే పెట్టించండి, మీరు అటు తిరిగి నిలబడండి.